బ్లైన్‌కెరిగ్ మంచినీళ్లు

బ్లైన్‌కెరిగ్‌లో లూనెడ్‌లు ఇద్దరు. పోస్టాఫీసు నడిపే ఆవిడ పోస్టు లూనెడ్. ఇద్వాల్ పెళ్లాం చీదర లూనెడ్. ఆ పేరు ఎవరూ ఆమె ముఖాన అనలేదు గానీ, గుప్పెడు గడపలున్న కొండ ఊళ్లో వెనకాల అన్న మాట ముందుకు రావడానికి ఎంతసేపు పడుతుంది. ఆమె విన్నది, ఊరుకున్నది. అబద్ధమేమీ కాదు కదా అనుకుంది.

గొర్రెల మధ్య పుట్టి, గొర్రెలు కాసేవాణ్ణే చేసుకుని, గొర్రె వాసన గిట్టకపోవడం ఆ కొండల్లో శాపంలాంటిదే. ఏడాదిలో మూడొంతులు వాన. తడిసిన ఉన్ని కంపు గోడల్లోకి, దుప్పట్లలోకి, చివరికి రొట్టెలోకి కూడా ఎక్కేది. వేసవి మొదట్లో గొర్రెల తోకల కింద గట్టిపడ్డ పేడ ఉండలు కత్తిరించే రోజున ఇద్వాల్ ఇంటికొస్తే, వాకిట్లోనే నిలబెట్టి, చొక్కా విప్పించి, నెత్తిన బకెట్టు నీళ్లు కుమ్మరించి గానీ గడప తొక్కనిచ్చేది కాదు.

"మొగుణ్ణి కూడా గొర్రెని పురుగుమందు తొట్టిలో ముంచినట్టు ముంచుతావేంటే," అనేవాడు అతను వణుకుతూ.

"గొర్రే నయం. ఒకసారి ముంచితే ఏడాది దాకా చూసుకోనక్కర్లేదు," అనేది ఆమె, ఇంకో బకెట్టు ఎత్తుతూ.

అయితే ఆమె అసలు చీదర గొర్రెల మీద కాదు. ఆమె తండ్రి రీస్ పలకరాయి క్వారీలో రాయి చీల్చేవాడు. ఊపిరితిత్తుల నిండా దుమ్ము చేరి, నలభై అయిదేళ్లకే మంచాన పడ్డాడు. మంచం కింద గిన్నెలో బూడిదరంగు కఫం, అందులో నెత్తుటి జీరలు. ఆ గిన్నె పారబోసి కడగడం చిన్నపిల్లగా ఉన్నప్పుడు లూనెడ్ పని. దానికి ఆమె ముఖం చిట్లించేది కాదు. క్వారీ యజమానుల డాక్టరు ఒకరోజు ఇంటికొచ్చి, పలకరాయి దుమ్ము ఛాతీకి ఏ హానీ చెయ్యదని, రోజంతా మరిగిన టీ తాగడం వల్లనే ఈ జబ్బులని చెప్పాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు చర్చి సంఘపెద్దలు, దుమ్ము అంటే ఏమిటో తెలిసినవాళ్లే, టోపీలు చేతిలో పట్టుకుని బుద్ధిగా తలలూపారు.  గిన్నె చూసి రాని ఓకరింత ఆ పిల్లకు ఆ తలలు చూసి వచ్చింది.

పెళ్లయ్యాక ఆమె బతుకు హావోడ్ వాళ్ల చుట్టూ తిరిగింది. హావోడ్ అనేది ఊరికి పైన ఉన్న పెద్ద గొర్రెల కొట్టం, దాని చుట్టూ కొండ. అది ఇద్వాల్ అన్న మైరిగ్‌ది. పెద్దకొడుకు కాబట్టి భూమంతా మైరిగ్‌కి వచ్చింది. ఇద్వాల్ అన్న దగ్గరే జీతానికి కుదిరాడు. మైరిగ్ ఊరి చర్చి అయిన చాపెల్‌లో పెద్ద సంఘపెద్ద, జిల్లా సభలో మెంబరు కూడా. ఆదివారం ఉపదేశ పీఠం కింద ఉండే పెద్దల బల్ల మీద, గంజిపెట్టిన కాలరుతో, నోట్లో పిప్పరమెంటు బిళ్లతో కూర్చునేవాడు. ప్రార్థనకు లేస్తే గొంతు వణికేది, కళ్ల వెంట నీళ్లు కారేవి. ముసలమ్మలు ముక్కులు చీదేవారు. ఆ పిప్పరమెంటు వాసన కింద ఇంకేదో ఉన్నట్టు లూనెడ్‌కి ఎప్పుడూ అనిపించేది. కానీ బావగారాయె, పైగా అన్నం పెట్టే చెయ్యాయె. ఏమీ అనేది కాదు. చాపెల్ వంటింటి పని ఆమెదే. పెళ్లిళ్లకీ చావులకీ టీ కాచి పెట్టేది. ఆమె కడిగిన కప్పుల్లో ముఖం చూసుకోవచ్చని ఊళ్లో పేరు.

పందొమ్మిది వందల అరవై రెండులో, క్రిస్మస్ మర్నాడు మొదలైన మంచు అరవై మూడు మార్చి దాకా కరగలేదు. అంత చలి అంతకుముందు ఎవరూ ఎరగరు. గోడల చాటున నిలబడ్డ గొర్రెలు నిలబడ్డట్టే మంచులో కూరుకుపోయాయి. ఇద్వాల్ పొడుగాటి కర్రలు గుచ్చుతూ వాటిని వెతికేవాడు. కొన్ని బతికే ఉండేవి, ఆకలికి పక్కదాని ఉన్ని కొరుక్కుతిని, నోటి నిండా ఉండలు కట్టుకుని. చచ్చినవాటి కళ్లూ నాలుకలూ కాకులు ముందే తీసుకుపోయేవి. కొట్టం వెనక చచ్చిన గొర్రెలు కట్టెల్లా పేర్చి ఉండేవి. గడ్డకట్టి ఉన్నాయి కాబట్టి వాసన లేదు.

చచ్చిన పశువుల్ని పాతిపెట్టాలి, లేదా పట్నం నుంచి లారీ వచ్చి తీసుకుపోవాలి. నేల ఇనుములా ఉంది. రోడ్డు మూసుకుపోయింది. ఎండలు వచ్చాక చూస్తే కొట్టం వెనక గుట్ట లేదు. లారీ వచ్చి తీసుకుపోయిందని మైరిగ్ చాపెల్ మెట్ల మీద నలుగురితో అన్నాడు. లారీ ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు.

ఏప్రిల్‌లో ఒక పొద్దున లూనెడ్ కొళాయి తిప్పి కెటిల్ నింపుతూ ఆగిపోయింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. వాసన మాత్రం ఏదో తియ్యగా, గొంతులో పట్టుకునేలా ఉంది. వాడిన పూల కుండీలో నీళ్లలా. ఒక గుక్క తాగి చూసింది. నాలుక మీద జిడ్డు మిగిలింది. ఉమ్మేసింది.

"ఇద్వాల్, ఇలా రా. ఈ నీళ్లు వాసన చూడు."

అతను రాలేదు. బూట్లు తొడుక్కుంటూ, "నీ ముక్కుకి ఎప్పుడూ ఏదో ఒకటే," అన్నాడు. "మంచు కరిగిన నీళ్లు. అలాగే ఉంటాయి."

పొరుగున ఐర్లిస్‌ని అడిగింది. ఐర్లిస్ చంటిబిడ్డ తల్లి, ఇరవై మూడేళ్ల పిల్ల. మొగుడిది సముద్రం మీద ఓడల్లో పని. "నాకూ అలాగే అనిపించింది అక్కా. కానీ పైకి అంటే నీ ముక్కు జబ్బు నాకూ అంటుకుందనుకుంటారని ఊరుకున్నా," అంది నవ్వుతూ.

ఆ ఆదివారం చాపెల్ బయట లూనెడ్ ఈ మాట ఎత్తితే మైరిగ్ చెయ్యి ఊపాడు.

"ఇంగ్లీషోళ్లమ్మా, ఇంగ్లీషోళ్లు. కొండలెక్కుతామని వస్తారు, మన నీళ్ల తొట్టి పక్కనే గుడారాలేస్తారు. వాళ్లకి కూర్చోడానికి కొండంతా చాలదు, మన ఊటే కావాలి. ఏం చేస్తాం, సహిస్తాం."

అందరూ నవ్వారు. పక్క దేశం నుంచి కొండలెక్కడానికి వచ్చే ఇంగ్లీషువాళ్లను తిట్టే అవకాశం బ్లైన్‌కెరిగ్ ఎన్నడూ వదులుకోదు. ఆ ఏడాది అప్పటికి ఒక్క గుడారం కూడా పడలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

తర్వాత కడుపునొప్పులు మొదలయ్యాయి. ఒకరి తర్వాత ఒకరు వాంతులు, విరేచనాలు. ఇళ్ల వెనక మరుగుదొడ్ల తలుపులు పగలంతా కొట్టుకుంటూనే ఉండేవి. సందులో నడిస్తే పుల్లటి కంపు. గాలి ఎటు తిరిగితే అటు ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. లూనెడ్ కూతురు నెస్టా బడి నుంచి వస్తూ గోడ పట్టుకుని కక్కుకుంది. ఐర్లిస్ బిడ్డ గెథిన్ మరీ చిన్నవాడు. వాడి ఒళ్లు ముడతలు పడి, కళ్లు లోపలికి పోయి, ఏడవడానికి కూడా నీళ్లు లేకుండా అయిపోయాడు. కింద పట్నంలో ఆసుపత్రికి తీసుకుపోయారు. ఐర్లిస్ వాణ్ణి దుప్పట్లో చుట్టుకుని వ్యాను ఎక్కుతుంటే లూనెడ్ వాడి గుడ్డలన్నీ తీసుకుని ఉడకబెట్టింది. ఉడకబెట్టిన నీళ్ల మీద తెట్టు తేలింది, వేలితో తీస్తే సాగింది. లూనెడ్ చెయ్యి మోచేతి దాకా కడుక్కుంది. దేంతో కడుక్కుంది, ఆ నీళ్లతోనే కదా. కడుక్కుని ఇంకా రోత పడింది.

మే మొదట్లో ముసలి హంఫ్రీ పోయాడు. తొంభైకి దగ్గరపడ్డవాడు, ఎలాగూ పోవాల్సినవాడే అన్నారు. మూడు రోజులు పరుపు మీదే విరేచనాలు చేసుకుంటూ పోయాడని అతన్ని కడిగినవాళ్లకే తెలుసు. వాళ్లలో లూనెడ్ ఒకతె.

సమాధి చేసి వచ్చాక చాపెల్ పక్క గదిలో టీ. రొట్టె ముక్కల మధ్య పంది మాంసం, వెన్న రాసిన ఎండుద్రాక్ష రొట్టె, పొగలు కక్కే పెద్ద బాయిలరు. నీళ్లు ఎంతసేపు మరిగించిందో ఆమెకే తెలుసు. అయినా కప్పుల్లో పోస్తే టీ మీద సన్నని నూనె మెరుపు తేలింది, ఇంద్రధనుస్సు రంగుల్లో. పాలు కలిపితే పోయింది. జనం తాగుతున్నారు. పెదవులు చప్పరిస్తూ హంఫ్రీ మంచితనం చెప్పుకుంటూ తాగుతున్నారు. గోడకు ఆనుకుని నిలబడి లూనెడ్ వాళ్ల గొంతులు కదలడం చూసింది.

కెటిల్ పట్టుకుని మైరిగ్ దగ్గరికి వెళ్లింది.

"నాకు పాలు చాలమ్మా," అన్నాడు అతను కప్పు మీద అరచెయ్యి పెట్టి. "ఈమధ్య టీ పడటం లేదు. కడుపులో మంట."

పక్కనే ఇద్వాల్. "నాకూ పాలే," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన, చేతుల్లో పాల గ్లాసులు, కళ్లు నేల మీద. లూనెడ్ అక్కడే ఆగిపోయింది. మంచు కరిగినప్పటి నుంచీ ఇద్వాల్ ఇంట్లో టీ ముట్టలేదు. మజ్జిగ ఒంటికి చలవ అని హావోడ్ నుంచి రోజూ డబ్బాతో తెచ్చుకుని అదే తాగుతున్నాడు. మంచినీళ్లు అడిగిన రోజు గుర్తు లేదు. ఊళ్లో కడుపు పాడవనివాళ్లు ఎవరని లెక్కపెట్టుకుంటే ఈ ఇద్దరూ, మైరిగ్ ఇంటివాళ్లూ.

"కెటిల్ ఒలుకుతోంది వదినా," అన్నారెవరో. వేడినీళ్లు ఆమె పాదం మీదే పడుతున్నాయి.

మర్నాడు పొద్దున ఇద్వాల్ ఎదురు కొండ వైపు వెళ్లాక, ఆమె కోటు వేసుకుని ఊరి మీది బాట పట్టింది. ఊరి కొళాయిలకు నీళ్లు వెళ్లే తొట్టి పలకరాళ్లతో కట్టినది, పచ్చగా నాచు పట్టి ఉంది. దాని మూత తీసి చూసింది. అడుగున ఉన్ని పీచులు తెల్లగా ఊగుతున్నాయి. ఆ తొట్టిలోకి వచ్చే ఊట పాత క్వారీ గుట్టల కింద నుంచి వస్తుంది. గుట్టల పైన పాత గొయ్యి. ఆ గోతిలో పడ్డ నీళ్లే ఊటగా దిగుతాయని ఊళ్లో పాలు తాగే పిల్లకు తప్ప అందరికీ తెలుసు. క్వారీ నడిచిన రోజుల్లో ఆ గోతిలో ఉమ్మేసినవాణ్ణి కూడా కొట్టేవారు.

రాతిముక్కల గుట్ట ఎక్కేసరికి వాసన ఎదురొచ్చింది. కొళాయిలో వచ్చే తియ్యటి వాసనే, వెయ్యి రెట్లు. ముక్కుకు రుమాలు కట్టుకుంది. కాకులు లేచాయి, ఎగిరిపోలేదు. కడుపులు నిండి ఎగరలేక అంచు మీదే పక్కకు జరిగాయి.

గోతిలో గొర్రెలు. పైన ఉన్నవి ఊది, కాళ్లు ఆకాశానికి చాపి ఉన్నాయి. కిందివి ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలియని బూడిదరంగు ముద్ద. పొట్టలు పగిలి, కడుపులోని పుట్టని పిల్లలు బయటికి జారి ఉన్నాయి, తడి చేతి తొడుగుల్లా. ముద్దంతా మెల్లగా కదులుతున్నట్టుంది. ప్రాణమేమోనని ఒక్క క్షణం భయపడింది. పురుగులు. లుకలుకలాడుతూ, నీళ్ల అంచుదాకా తెల్లటి నురగలా. ఆ నీళ్లు నల్లగా, జిడ్డుగా, రాతి నెర్రెలోకి నిదానంగా దిగిపోతున్నాయి, ఊరి వైపు.

ఆమె పక్కకు తిరిగి కక్కుకుంది. కడుపులో ఏమీ లేకపోయినా కక్కుకుంది. ఆ కొండ మీంచి ఊరు ఎంత అందంగా కనిపిస్తుందో, పలకరాతి కప్పుల మీద ఎండ, చాపెల్ గోడ, చెరువు మీద మబ్బు నీడ. బిస్కెట్ల పెట్టెల మీద వేసే బొమ్మలా ఉంది. ఆ బొమ్మలో ప్రతి ఇంటి పొగగొట్టం కింద ఈ చారే మరుగుతోంది.

తుంటి మీద హావోడ్ వాళ్ల ఎర్రరంగు గుర్తు ప్రతిదానికీ ఉంది. అంచున ఉన్న ఒక గొర్రె కాళ్లకు తాడు కట్టి ఉంది. ఆ తాడు ఆమెదే, బట్టలారేసుకునేది. ఫిబ్రవరిలో తెగిపోయిందని ఇద్వాల్ చెప్పినది.

సాయంత్రం అతను వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. ఉడికించిన బంగాళాదుంపలు పెట్టింది. పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టింది. నెస్టాను ముందే పోస్టు లూనెడ్ ఇంటికి పంపేసింది.

"మజ్జిగ లేదా?" అన్నాడు.

"పారబోశాను. నీళ్లు తాగు."

"దాహం లేదు."

"నాలుగు గుక్కలు తాగు. పొద్దున్నించీ కొండెక్కి దిగావు."

అతను గ్లాసు వైపు చూశాడు. చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది. "చూశావా," అన్నాడు చివరికి.

"నా తాడు కూడా చూశాను."

"అన్నయ్య చెప్పాడు. నేల గడ్డకట్టుంది లూనెడ్. గునపం దిగలేదు. ఎన్నని పాతిపెట్టను. మంచు కరిగాక తీసేద్దామన్నాడు. కరిగాక చూస్తే... ముట్టుకుంటే ఊడి వచ్చేస్తున్నాయి."

"ఆ గోతి నీళ్లు ఎక్కడికొస్తాయో తెలీదా నీకు?"

"తెలుసు."

"ఊరికి చెప్పకపోతే పోనీ. నాకు? నెస్టా వారం రోజులు కక్కుకుంది. పక్కన కూర్చుని నుదురు నిమిరావు. ఆ చేత్తోనే దానికి నీళ్లు పట్టావు."

అతను దుంప ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. నములుతూ, ఎంతో న్యాయమైన సంగతి చెప్పినట్టు మెల్లగా అన్నాడు, "నీకు చెప్తే నువ్వు ఊరుకోవుగా."

ఆమె అప్పటిదాకా కోపంగా ఉంది. ఆ మాటతో కోపం పోయింది. దాని చోట ఇంకేదో వచ్చి కూర్చుంది. పదహారేళ్లుగా ఒకే దుప్పటి కప్పుకున్న మనిషి. అతని మెడ, గోళ్ల సందుల్లో మట్టి, దుంప నములుతున్న దవడ, అన్నీ ఒక్కసారిగా ఆమెకు గోతిలో చూసినవాటిలా కనిపించాయి. లేచి గ్లాసులో నీళ్లు దొడ్లో పారబోసింది. అతని పరుపు తీసుకెళ్లి వెనకగదిలో పడేసింది.

"ఎన్నాళ్లు?" అన్నాడు అతను.

"నాకేం తెలుసు," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రకటనలేమైనా ఉన్నాయా అని పాస్టరు అడిగాడు. ఆడవాళ్లు అప్పుడు లేవడం ఆనవాయితీ కాదు. లూనెడ్ లేచింది. వంటింటి కొళాయి నుంచి పట్టిన జగ్గూ గ్లాసూ తెచ్చి పెద్దల బల్ల మీద పెట్టింది. గోతి సంగతి చెప్పింది. గట్టిగా కాదు, సంతలో సరుకు చెప్పినట్టు చెప్పింది. ఎర్ర గుర్తు చెప్పింది, పురుగులు చెప్పింది, తన మొగుడి పేరు కూడా దాచకుండా చెప్పింది. గ్లాసు నింపి మైరిగ్ ముందు పెట్టింది.

"ఇంగ్లీషోళ్ల ఉచ్చేగా బావగారూ. తాగండి."

 మైరిగ్ లేచాడు. కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదిలాయి. గ్లాసు ఎత్తి గటగటా, చివరి చుక్కదాకా తాగేశాడు. మీసం తుడుచుకున్నాడు.

"మా తాతలు తాగిన నీళ్లు," అన్నాడు, గొంతు వణికిస్తూ. "దేవుడిచ్చిన నీళ్లు. నా తోడబుట్టినవాడి భార్య ఇవాళ దేవుడి ఇంట్లో నన్ను ఇలా నిలబెట్టింది. నేను ఆమెను క్షమిస్తున్నాను."

ముసలమ్మలు ముక్కులు చీదారు. ఒకాయన "ఆమెన్" అన్నాడు. తర్వాత ఇంకొకరు. బెంచీల వెంట ఆమెన్ అలా పాకుతూ పోయింది. లూనెడ్ ఆ ముఖాల్ని చూసింది. పసుపు తిరిగిన చర్మాలు, పగిలిన పెదవులు, నెల రోజులుగా పేగులు బయటికి వచ్చేలా కక్కుకున్న మనుషులు. తమ కడుపు తమకే చెప్తున్న సంగతిని కాదని ఆమెన్ అంటున్నారు.

ఐర్లిస్ ఆసుపత్రి నుంచి ఆ పూటే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. జనం వెళ్లిపోతుంటే లూనెడ్ మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, చాపెల్ వెనక గోడ దగ్గర ఉన్నాడు. మీ బావగారు. నోట్లో వేలు పెట్టుకుని కక్కుతున్నాడు. తలుపు సందులోంచి చూశా."

"ఎవరికైనా చెప్పావా?"

"పాస్టరుగారికి చూపించా. చూసి తల తిప్పుకున్నాడు."

సోమవారం లూనెడ్ పోస్టాఫీసుకెళ్లి కౌంటీ ఆరోగ్యాధికారికి ఫోను కలపమంది. పోస్టు లూనెడ్ కలపలేదు. కళ్లద్దాలు తుడుచుకుంది.

"ఆలోచించుకో లూనెడ్. ఊరన్నాక అందరం ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకోవాలి. ఇంగ్లీషు పేపర్లో పడితే ఊరి పరువేం కాను?"

"మీ ఇంట్లో ఎవరికీ బాలేదా?"

"మా అమ్మ మంచం దిగట్లేదు," అంది ఆవిడ. ఫోన్లు కలిపే బోర్డులో తీగ గుచ్చింది. "నేను కలిపానని మాత్రం చెప్పకు."

రబ్బరు బూట్లు, ముఖాలకు గుడ్డలు కట్టుకుని మనుషులు వచ్చారు. గొయ్యి చూసి ఒకతను అంచునే కూలబడ్డాడు. కళేబరాలు లారీల్లో పోయాయి. సగం ముక్కలు ముక్కలుగా, పారలతో. గొయ్యి సున్నంతో నింపారు. వేసవంతా ఊరికి ట్యాంకరు నీళ్లు. అధికారి అడిగితే మైరిగ్ బాధగా తలాడించాడు. "పాతిపెట్టమనే చెప్పానండీ. తమ్ముడు ఇంత బద్ధకస్తుడనుకోలేదు," అన్నాడు. ఇద్వాల్ పక్కనే ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. అవునని అనలేదు, కాదని అనలేదు. తల మాత్రం కొద్దిగా ఊపాడు. లూనెడ్ గుమ్మంలోంచి చూసింది. చూసి లోపలికెళ్లి చేతులు కడుక్కుంది.

కౌంటీవాళ్లు మైరిగ్‌కి చిన్న జరిమానా వేసి వదిలేశారు. ఊరు మాత్రం లూనెడ్‌ని వదల్లేదు. ఆ ఏడాది హావోడ్ గొర్రెపిల్లల్ని సంతలో ఎవరూ కొనలేదు, మిగతావాళ్లవి కూడా. కొండలెక్కేవాళ్లు రాలేదు. గదులు అద్దెకిచ్చేవాళ్లు ఖాళీగా కూర్చున్నారు. నీళ్లు పాడుచేసినవాడి సంగతి నెలలో మరిచిపోయారు, బయటపెట్టినదాన్ని మరవలేదు. సందులో ఎదురైతే పక్కకు తప్పుకునేవారు, ఆమె దగ్గరే ఏదో కంపు కొడుతున్నట్టు. ఒక పొద్దున గుమ్మంలో కుళ్లిన గొర్రెపిల్ల తల పెట్టి ఉంది, నోట్లో పిప్పరమెంటు బిళ్ల దోపి. పిల్లలు చేసిన పని అన్నారు. పిల్లలకు ఆ బిళ్ల ఆలోచన రాదని ఆమెకు తెలుసు. పారతో తీసి దొడ్లో లోతుగా పాతిపెట్టింది.

చాపెల్ వంటింటి తాళం మైరిగ్ భార్య వచ్చి అడిగి తీసుకుంది. తర్వాత పాస్టరు వచ్చాడు. క్షమ గురించి చాలాసేపు మాట్లాడాడు.

"ఆయన అడిగాడా అయ్యగారూ?" అంది లూనెడ్.

"నోటితో అడగకపోయినా..."

"నోటితో అడిగినప్పుడు రండి."

ఆమె మళ్లీ చాపెల్ గడప తొక్కలేదు. ఆదివారాలు గంట కొట్టే వేళకు, అందరూ చూస్తుండగా, వాకిట్లో బట్టలారేసేది. ఆదివారం బట్టలు ఉతకడం ఆ ఊళ్లో మనిషిని చంపడం కన్నా కొంచెమే తక్కువ పాపం.

ఇద్వాల్ అన్న దగ్గర పని మానేశాడు. మానమని ఆమె చెప్పలేదు. కొండకవతల కరెంటు స్టేషను కడుతుంటే కూలికి వెళ్లాడు. సిమెంటు దుమ్ముతో వచ్చి, వాకిట్లో తనంతట తానే నీళ్లు పోసుకుని, తిని, వెనకగదిలో పడుకునేవాడు. ఆమె వండిపెట్టింది, బట్టలుతికింది, జ్వరమొస్తే మందిచ్చింది. అతను ఒకటి రెండుసార్లు ఆ మాట ఎత్తబోయాడు.

"ఆరోజు నేను..."

"వద్దు," అనేది ఆమె.

నెస్టా పెరిగి కార్డిఫ్‌లో నర్సుగా చేరింది. సెలవులకు వచ్చినప్పుడు అడిగింది, "నాన్నతో ఎందుకమ్మా ఇంకా అలా?"

"కోపమైతే తగ్గేదే. కోపం కాదు. ఆయన పక్కన కూర్చుంటే నాకు అన్నం దిగదు. నేనేం చెయ్యను."

ఐర్లిస్ ఒక్కతే రోజూ వచ్చేది. గెథిన్ బతికాడు, సన్నగా, ఎప్పుడూ కడుపు పట్టుకుంటూ.

కొన్నేళ్లకు ఊరికి కౌంటీ గొట్టాల నీళ్లు వచ్చాయి. మొదటి కొళాయి తిప్పడానికి జిల్లా సభ మెంబరుగా మైరిగ్‌నే పిలిచారు. పేపర్లో ఫోటో పడింది. గంజిపెట్టిన కాలరు, చేతిలో తేట నీళ్ల గ్లాసు. 'ఊరి ఆరోగ్యం కోసం అలుపెరగని కృషి' అని కింద రాశారు. ఐర్లిస్ ఆ పేపరు తెచ్చి చూపించింది. లూనెడ్ చూసి, దాన్ని చేపల పొట్టు చుట్టడానికి వాడింది.

ఆ తర్వాత ఒక ఏడాది ఇద్వాల్ మార్చి నెలలో, పని నుంచి వస్తూ బస్సు దిగి, రోడ్డు పక్క గోడ మీద కూర్చుని పోయాడు. గుండె. ఎవరో వచ్చి చెప్తే లూనెడ్ వెళ్లి, అతని కళ్లు మూసింది. ఇంటికి తెచ్చాక ఒళ్లంతా తనే కడిగింది, ఎవరినీ రానివ్వలేదు. ఎంతసేపు కడిగిందో, లోపల ఏం మాట్లాడిందో ఎవరికీ తెలియదు. బయటికొచ్చాక కళ్లు వాచి ఉన్నాయని ఐర్లిస్ అంటుంది.

సమాధి దగ్గర వాన. కార్డిఫ్ నుంచి వచ్చిన నెస్టా, తండ్రిని మట్టిలో పెట్టడం చూడలేక ముందే ఇంటికి వెళ్లిపోయింది. మైరిగ్ కర్ర ఊతంతో వచ్చాడు, ముసలివాడైపోయాడు. ఐర్లిస్ తప్ప అందరూ వెళ్లాక లూనెడ్ ముందు నిలబడి చెయ్యి చాపాడు.

"మా తమ్ముడు పోయాడు. ఇంకెన్నాళ్లమ్మా ఇది. ఆ నీళ్లన్నీ ఎప్పుడో సముద్రంలో కలిసిపోయాయి."

లూనెడ్ ఆ చేతిని చూసింది. తెల్లగా, మెత్తగా, శుభ్రంగా ఉంది. గోళ్లు చక్కగా కత్తిరించి ఉన్నాయి.

"మీ తమ్ముడు చెప్పుకోడానికి ప్రయత్నమైనా చేశాడు బావగారూ. నేనే వినలేదు," అంది. "మీరు ఇప్పటికీ నీళ్ల గురించే మాట్లాడుతున్నారు."

చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని బాట దిగింది. వెనక మైరిగ్ చెయ్యి ఇంకా చాపే ఉందని, వానలో తడుస్తోందని ఐర్లిస్ వెనక్కి తిరిగి చూసి చెప్పింది.

"చూడకు," అంది లూనెడ్. "పద, నెస్టా ఇంట్లో ఒక్కతే ఉంది."